మూగ ముక్కలు

పద్దెనిమిదో ముక్కని రబ్బరు కప్పులో బిగించి, గొట్టం రెండో కొసని పెదాల మధ్య పెట్టుకుని బాబాయి గట్టిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడనరాలు తేలాయి. ముక్కకి అవతల అడ్డం పెట్టిన ఎడమచేతి మణికట్టుకి గాలి తగల్లేదు. మళ్ళీ ఊదాడు. తగిలీ తగలనట్టు ఏదో అనిపించింది గానీ అలాంటివాటిని ఆయన ఖాతరు చేయడు. ముక్కని ఊడదీసి ఎడమపక్క డబ్బాలో పడేశాడు.

"ఇదీ మూగదే" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

గాలి పోనిచ్చేది మంచి ముక్క, పోనివ్వనిది మూగది. ఆ మాట పుట్టించింది ఆయనే. ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో కూడా అలాగే రాస్తున్నారు. షెడ్డులో అందరికీ ఆయన బాబాయే. తనకన్నా రెండేళ్ళు పెద్దవాడైన ఫర్నేసు మనిషి కూడా బాబాయ్ అనే పిలుస్తాడు, అలా పిలిస్తే తను కుర్రాడైపోతానన్న ఆశతో కాబోలు. బాబాయికి అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి, పీపాలాంటి ఛాతీ, చెవుల మీద మాత్రమే మిగిలిన జుట్టు. ఏళ్ళ తరబడి ఊది ఊది పెదాలు ఎప్పుడూ ఈల వేయబోతున్నట్టే ఉంటాయి. దానివల్ల ఆయన కోపంగా ఉన్నా ఎవరికీ తెలియదు.

ఆ ముక్కలు బొటనవేలంత ఉంటాయి. తెల్లగా, తేలిగ్గా, ఒళ్ళంతా చిల్లులతో. ఎముకలో ఉండే ఖనిజాన్నే పొడిచేసి నీళ్ళలో చిక్కగా కలుపుతారు. దాన్ని వీళ్ళు పాలు అంటారు. స్పాంజి ముక్కని ఆ పాలలో ముంచి, పిడికిట్లో పిండి, ఆరబెట్టి ఫర్నేసులో పెడితే స్పాంజి కాలిపోతుంది. దాని ఒంటికి పట్టిన పాలు మాత్రం గట్టిపడి, స్పాంజి ఆకారంలోనే రాయిలా నిలుస్తాయి. ప్రమాదంలోనో జబ్బులోనో ఎవరికైనా ఎముక ముక్క పోయినచోట డాక్టర్లు దీన్ని అమరుస్తారు. ఒంట్లో ఉన్న ఎముక మెల్లగా ఈ చిల్లుల్లోకి పాకి, నెలలు గడిచేకొద్దీ లోపలంతా అల్లుకుపోతుంది. పిండటం చాలక పాలు లోపలే ఉండిపోతే చిల్లులు పూడిపోతాయి. పైకి చూస్తే ముక్క బ్రహ్మాండంగా ఉంటుంది. ఎముక మాత్రం గుమ్మం దాకా వచ్చి, తలుపు వేసి ఉందని చూసి ఆగిపోతుంది. అప్పుడు ఆ మనిషికి మళ్ళీ కత్తి తప్పదు.

అందుకే ప్రతి ముక్కనీ ఊది చూడాలి. నీళ్ళతో పరీక్షించవచ్చు గానీ తడిసిన ముక్క ఆరడానికి ఒక రోజంతా పడుతుంది. ఆఫీసులో యంత్రం ఉంది, అది వందలో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా తొంభై తొమ్మిదికీ బాబాయి ఊపిరే ఆధారం. ఊదాక ఎలాగూ కడిగి, మళ్ళీ కాల్చి పంపుతారు కాబట్టి నోటిగాలి తగిలిందన్న బెంగ లేదు. పంతొమ్మిదేళ్ళలో ఆయన సరే అన్న ముక్క ఒక్కటి కూడా ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. ఈ సంగతి ఆయన అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు.

పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు నిలబడే మాట్లాడతాడు.

"బాబాయ్, నిన్నటి ట్రేలో మూగవెన్ని?"

"వందకి ముప్పై నాలుగు."

"మొన్న?"

"ముప్పై ఒకటి."

"ఇదివరకు మూడో నాలుగో వచ్చేవి కదా. మూడు వారాల నుంచి ఇదే వరస. నాకు పైనుంచి అక్షింతలు పడుతున్నాయి. ఎక్కడంటారు తేడా?"

బాబాయి గొట్టం కొసని చొక్కా అంచుతో తుడిచాడు. ఆలోచించడానికి ఆయనకి క్షణం కూడా పట్టలేదు.

"చెయ్యి. పిండటంలో పట్టు తగ్గింది. పాలు లోపలే ఉండిపోతున్నాయి."

సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆ షెడ్డులో వినబడకుండా పోయేంత దూరాలు లేవు. "ఇవాళ్టి ట్రే కూడా ఇలాగే ఉంటే ఆ అమ్మాయిని తీసేయక తప్పదు బాబాయ్. నాలుగింటికి లెక్క ఇవ్వండి. సోమవారం నుంచి ఇంకొకరిని చూస్తాను."

నాలుగు బారల అవతల, పాల తొట్టి ముందు, పిండే అమ్మాయి తల ఎత్తలేదు. స్పాంజి ముక్కని ముంచింది, పిడికిట్లోకి తీసుకుని రెండుసార్లు పిండింది, చిటికెన వేలితో కింద కారుతున్న చుక్కని తీసేసి జల్లెడ మీద నిలబెట్టింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఇక్కడికి రాకముందు లాండ్రీలో తడి దుప్పట్లు పిండేది. అక్కడి మందునీళ్ళకి వేళ్ళ సందుల్లో చర్మం ఒలిచినట్టయి, రాత్రిళ్ళు చేతులకి గుడ్డలు చుట్టుకుని పడుకునేదట. తల్లి మంచం మీద ఉంది. ఈ పని పోతే మళ్ళీ ఆ లాండ్రీయే. మొదటి రోజు ఆమె పిడికిలి చూసి, "ఈ చెయ్యి నాకు కావాలి" అని సూపర్‌వైజరుకి చెప్పింది బాబాయే. పద్నాలుగు నెలలు పక్కన నిలబెట్టుకుని నేర్పిందీ ఆయనే. ఇప్పుడు ఆమె మీద నేరం చెప్పిందీ ఆయనే. కష్టంగానే ఉంది. కానీ గొట్టం చెప్పేది గొట్టం చెబుతుంది, మనం ఏం చేస్తాం అనుకున్నాడు.

కొత్త ట్రే తేవడానికి ఫర్నేసు గదిలోకి వెళ్ళాడు. మధ్యలో నాలుగు మెట్లున్నాయి. మూడో మెట్టు మీద ఆగి, గోడకున్న పాత ప్రకటన ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాడు. ఆ కాగితం చదవడానికి ఈ మధ్య ఆయనకి చాలా సమయం పడుతోంది.

"ఏం బాబాయ్, అందులో నీ పేరేమన్నా పడిందా?" అన్నాడు ఫర్నేసు మనిషి లోపల్నుంచి, వేడికి గడ్డానికి కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ.

"నీ గుడ్డ కట్టిన గడ్డం బొమ్మ వేశారు. దొరికితే పట్టివ్వమన్నారు."

ఫర్నేసు మనిషి నవ్వాడు. బాబాయి కూడా నవ్వబోయాడు గానీ దగ్గొచ్చింది. వేడివల్ల అనుకున్నాడు. మొన్న చలివల్ల అనుకున్నాడు. ఒకప్పుడు గాజుసీసాల కార్ఖానాలో ఇరవై ఏళ్ళు ఊదిన ఊపిరి అది. ఒక్క దమ్ములో మూడు శేర్ల సీసా తీసేవాడు. పెళ్ళైన కొత్తలో గది ఈ మూల కూర్చుని ఆ మూల ఉన్న కొవ్వొత్తిని ఆర్పి భార్యని హడలెత్తించాడు. కార్ఖానా మూతపడ్డాక ఆ ఊపిరిని చూసే ఇక్కడ పనిచ్చారు. కాళ్ళు నొప్పి పుడతాయి, కళ్ళు మసకబారుతాయి, ఊపిరికేమవుతుంది? అది అడగాలని కూడా ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

మధ్యాహ్నం తిండి గంట కొట్టేసరికి ఎడమ డబ్బాలో ఇరవై ఆరు ముక్కలున్నాయి. మిగతావాళ్ళు బయటికి వెళ్ళారు. పిండే అమ్మాయి చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"బాబాయ్, ఒకటి కోసి చూపిస్తారా?"

"ఎందుకే?"

"లోపల ఎక్కడ పూడుకుపోతోందో చూస్తే చెయ్యి సరిచేసుకుంటాను. అడుగునో, మధ్యనో, ఏమీ తెలియకుండా ఎంతని పిండను? నిన్నట్నుంచి మూడోసారి కూడా పిండుతున్నాను."

అడిగిన తీరు బాబాయికి నచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. పొద్దున తనన్న మాట విని కూడా నేర్చుకోవడానికే వచ్చింది. డబ్బాలోంచి అన్నిటికన్నా మొండిగా అనిపించిన ముక్కని ఏరి, చిన్న పట్టకారులో బిగించి, సన్నరంపంతో నిలువునా కోశాడు. తెల్లటి పొడి బల్ల మీద రాలింది. రెండు బద్దలనీ కిటికీ వైపు తిప్పాడు.

లోపల ఎక్కడా అడ్డు లేదు. పైనుంచి కింద దాకా చిల్లులోంచి చిల్లు, గదిలోంచి గది. ఒకదాని గుండా చూస్తే అవతల కిటికీ చువ్వ కనబడుతోంది. ఇంత చక్కగా పిండిన ముక్కని ఆయన ఈ ఏడాదిలో చూడలేదు.

"ఏమైంది బాబాయ్?"

"రంపం తగిలి లోపలి అడ్డు రాలిపోయినట్టుంది" అన్నాడు. "పొడిలో కలిసిపోయి ఉంటుంది."

పంతొమ్మిదేళ్ళలో ముక్క గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. నోట్లోంచి ఎలా వచ్చిందో కూడా తెలియలేదు. ఆమె వంగి రెండు బద్దలనీ చాలాసేపు చూసింది. తర్వాత "ఊ" అని వెళ్ళి తన తిండిడబ్బా తెరుచుకుంది.

బాబాయి తన డబ్బా తెరవలేదు. ఆమె బయటి కుళాయి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, పళ్ళెంలో వేలి మందాన నీళ్ళు పోసి ఎడమ డబ్బాలోంచి ఒక ముక్కని నిలబెట్టాడు. తడి అడుగున పుట్టి, గబగబా పాకి, ఆయన మూడు లెక్కపెట్టేసరికి తల మీదికి వచ్చేసింది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. అయిదు పెట్టాడు, పది పెట్టాడు. పంతం పట్టినవాడిలా ఒకదాని తర్వాత ఒకటి మొత్తం ఇరవై అయిదూ పెట్టాడు. ఇరవై నాలుగింటికి తడి పైదాకా ఎక్కింది. ఒక్కటి మాత్రం నడుము దగ్గర ఆగి, పైన పొడిగా తెల్లగా ఉండిపోయింది. నిజంగా మూగది ఆ ఒక్కటే.

బాబాయి గొట్టం తీసి చివర ఏమీ బిగించకుండా తన అరచేతిలోకే ఊదుకున్నాడు. గాలి వచ్చింది. పిల్లలు వేడి పాలని ఊదుకునేంత వచ్చింది. రెండోసారికి కళ్ళ ముందు నల్లచుక్కలు తేలాయి.

అంటే మూడు వారాలుగా మూగబోతున్నది ముక్కలు కాదు. నాలుగు నెలలుగా భార్య అంటున్న మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. రెండు తలగడలు చాలక మూడోది అడుగుతున్నారేమిటి? ఇంటి మెట్లెక్కి వచ్చి పది నిమిషాలు పలకరేమిటి? ఆస్పత్రికి పోదాం పదండి. ప్రతిసారీ ఆమె మీద విసుక్కున్నాడు. ఒకసారి పళ్ళెం కూడా నెట్టేశాడు. ఇప్పుడాయనకి భయం వేసింది. బొత్తిగా చిన్నపిల్లవాడి భయం. ఎవరైనా వచ్చి ఏం ఫర్వాలేదంటే బాగుండుననిపించింది.

గోడ గడియారంలో ఒంటిగంటన్నర. తప్పించుకునే దారి లేకపోలేదు. ఊదినట్టు నటించి అన్నీ కుడిపక్క డబ్బాలో వేసేస్తే సరి. అమ్మాయి పని నిలుస్తుంది, తన కుర్చీ నిలుస్తుంది. సూపర్‌వైజరు సంబరపడతాడు. మూడు వారాల గొడవ దానంతటదే సర్దుకుందనుకుంటారు. కాసేపు ఆ ఆలోచన ఆయనకి ఎంతో హాయిగా ఉంది. నాలుగు ముక్కల్ని అలా వేశాడు కూడా.

కానీ పళ్ళెంలో ఆ ఒక్క ముక్క నడుం దాకా తడిసి నిలబడి ఉంది. వందలో అలాంటివి మూడో నాలుగో ఎప్పుడూ ఉంటాయి. తన ఊపిరికి ఇప్పుడు మంచిదీ మూగదీ ఒకటే. ఏదో ఒక రోజు అలాంటిది ఎవరి కాల్లోకో వెళుతుంది. ఆ మనిషి నెలల తరబడి కాలు కదపకుండా పడుకుని, ఎముక అల్లుకుంటోందని ఆశపడుతూ ఉంటాడు. బాబాయి ఆ నాలుగింటినీ కుడి డబ్బాలోంచి వెనక్కి తీశాడు. ఆ పూట ఇక గొట్టం ముట్టుకోలేదు.

నాలుగింటికి సూపర్‌వైజరు గదిలోకి పళ్ళెంతో సహా వెళ్ళాడు.

"ఎన్ని బాబాయ్?"

"ఒకటి."

సూపర్‌వైజరు మొహం విప్పారింది. "ఒకటేనా! పొద్దున చెప్పింది బాగా పనిచేసిందన్నమాట."

"అది కాదండీ." బాబాయికి వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది. "ఆ అమ్మాయి చేతిలో ఏ లోపమూ లేదు. మూడు వారాల నుంచీ లేదు. నా ఊపిరి చాలడం లేదు. మంచివాటిని నేనే మూగవని పడేస్తూ వచ్చాను."

సూపర్‌వైజరు మొదట నవ్వాడు. తర్వాత లేచి, షెడ్డులోకి వచ్చి, నీళ్ళు తగలని నిన్నటి మూగముక్కని ఒకదాన్ని కప్పులో బిగించి తనే ఊదాడు. గాలి బుస్సుమని అవతలికి వచ్చి బల్ల మీది తెల్లపొడిని లేపింది. ఇంకో రెండు ఊదాడు. బుస్సు, బుస్సు.

"మూడు వారాలు బాబాయ్! దగ్గర దగ్గర అయిదొందల ముక్కలు!"

"పారేయలేదండీ. వెనక సంచుల్లోనే ఉన్నాయి. మళ్ళీ చూసుకోవచ్చు."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"రేపు వెళతా."

సూపర్‌వైజరు ఏదో గట్టిగా అనబోయి, ఆయన మొహం చూసి మింగేశాడు. "చూపించుకోండి. నాలుగు రోజులు రావద్దు. రేపట్నుంచి ఆ అమ్మాయి ఊదుతుంది. పిండటానికి ఇంకొకర్ని వేస్తాను" అని తొందరగా వెళ్ళిపోయాడు. పంతొమ్మిదేళ్ళ కుర్చీ నిమిషంలో చేతులు మారింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది. అయినా ఛాతీ మీద బరువు కొంచెం దిగిందనిపించింది, అది నిజమో భ్రమో చెప్పలేం.

పిండే అమ్మాయి తొట్టి కడుగుతోంది. ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"పొద్దున నీ మీద చెప్పాను. తప్పు నాది."

"కోసినప్పుడే చూశాను బాబాయ్. రంపానికి రాలితే అంత నున్నగా రాలదు."

"మరి అప్పుడే అనలేదేమే?"

ఆమె తొట్టిలో నీళ్ళు వంపేసింది. "మీరే చెబుతారని ఆగాను."

"చెప్పకపోతే?"

ఆమె తొట్టిని బోర్లించింది. తడి చేతులు తుడుచుకుంటూ, "ఎలా ఊదాలో చూపించండి. గట్టిగానా, మెల్లిగానా?" అంది.

"మెల్లిగా. ముక్కతో తగువు పడకూడదు. పోయేదైతే మెల్లిగా ఊదినా పోతుంది." ఆ మాట అన్నాక ఆయనే ఒక క్షణం ఆగిపోయాడు. తర్వాత మణికట్టు ఎక్కడ పెట్టాలో చూపించాడు.

బస్సు దిగిన చోట చిల్లర కొట్టు ఉంది. అక్కడ వేలాడుతున్న రంగురంగుల బుడగల అట్ట చూసి ఆగాడు. ఊపిరితిత్తులకి బలం రావడానికి బుడగలు ఊదమంటారని ఎవరో ఎప్పుడో చెప్పగా విన్నాడు.

"మనవడికా?" అన్నాడు కొట్టువాడు.

"నాకే."

కొట్టువాడు ఇంకేమీ అడగకుండా మూడు తెంపి ఇచ్చాడు.

రెండంతస్తుల మెట్లు ఎక్కడానికి నాలుగుచోట్ల ఆగాడు. ఇవాళ మాత్రం ఏ గోడకాగితమూ చదువుతున్నట్టు నటించలేదు, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని తిన్నగా ఆగాడు. భార్య కిటికీ దగ్గర కూర్చుని బడిపిల్లల చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. ఇంటికి తెచ్చుకుని చేసే పని అది. ఆయన కుర్చీలో కూలబడి, మాట వచ్చేదాకా చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"రేపు ఆస్పత్రికి పోదాం" అన్నాడు చివరికి.

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. నాలుగు నెలలుగా అడుగుతున్నది ఒక్కసారిగా చేతికి వస్తే సంతోషించాలో హడలిపోవాలో ఆమెకి తెలియలేదు. "ఏమైంది?"

"షెడ్డులో నా కుర్చీ పోయింది."

"కుర్చీదేముంది, మనింట్లో రెండున్నాయి" అంది. అని, కళ్ళు తుడుచుకుంది.

ఆయన జరిగిందంతా చెప్పాడు. చెప్పాక జేబులోంచి బుడగలు తీశాడు. మొదటిది పెదాల దగ్గర పెట్టుకుని ఊదాడు, అది కదల్లేదు. రెండోదీ అంతే. మూడోది, పసుప్పచ్చది, మెల్లిగా ఊదాడు. అది నిమ్మకాయంత ఉబ్బింది. ఇక లాభం లేదని మూతి దగ్గర గట్టిగా ముడి వేశాడు.

"ఇంతేనా! సీసాలు ఊదిన మనిషి మీరు."

"రేపు దోసకాయంత ఊదుతా చూడు."

ఆమె నవ్వి, దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని కిటికీ పక్క బల్ల మీద పెట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అక్కడినుంచే మాట్లాడుతోంది. పొద్దున్నే ఆరింటికే వెళితే గానీ చీటీ దొరకదని, పాత మందుల కాగితాలు ఎక్కడున్నాయో వెతకాలని, అన్నీ అలా దాచి దాచి ఇంతదాకా తెచ్చుకున్నారని. కాగితాలు ఎక్కడ పెట్టారని రెండుసార్లు అడిగింది. బయట ఇంకా ఎండ పొడ ఉంది. రెండు గ్లాసులతో వచ్చేసరికి ఆయన తల కుర్చీ వీపు మీదికి వాలి ఉంది. పెదాలు ఎప్పటిలాగే ఈల వేయబోతున్నట్టున్నాయి. వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆమె గ్లాసు చేతికి ఆనించింది. తర్వాత గ్లాసులు రెండూ నేల మీద పెట్టి, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన ముక్కు దగ్గర తన మణికట్టు పెట్టి చూసింది. పక్కింటివాళ్ళు వచ్చేసరికి టీ ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు సాయంత్రం పిండే అమ్మాయి వచ్చింది. ఇల్లంతా జనం. సూపర్‌వైజరూ ఫర్నేసు మనిషీ వచ్చి, కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆమె మాత్రం ఆయన భార్య పక్కన కూర్చుంది. చాలాసేపటికి, "ఇవాళ నేనే ఊదానమ్మా" అంది. "వందలో మూడొచ్చాయి."

"మంచిదమ్మా" అంది ఆయన భార్య.

ఎవరో బంధువులావిడ గది సర్దుతూ బల్ల మీది దారపుముక్కలన్నీ చేత్తో ఊడ్చి, బుడగని కూడా చెత్తలోకి తీయబోయింది. "అది ఉండనీ వదినా" అంది ఆయన భార్య, ఆ రోజు మొదటిసారి గొంతు పెంచి. బంధువులావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల మీద బొత్తాల డబ్బా పక్కన ఆ పసుప్పచ్చ బుడగ కాస్త మెత్తబడి, ముడి దగ్గర సన్నటి ముడతలు పడి, ఇంకా నిండుగానే ఉంది.